చెంచాడు గోధుమ

“ఇంట్లో వంట ఎవరు చేస్తారు?” డాక్టర్ వుకోసావా కాగితం మీద నుంచి తల ఎత్తకుండా అడిగింది.

తనే చేస్తానని స్తమేనా చెప్పింది.

“మరి ఈ పదిహేడు ఎవరు వండారు, నేనా?”

గదిలో నర్సు ఉంది. తెరిచిన తలుపు దగ్గర వంతు కోసం ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అందులో ఒకామె పక్క ఊరామె. స్తమేనా తలగుడ్డ ముడి విప్పి మళ్లీ కట్టుకుంది. ముప్ఫై నాలుగేళ్లుగా ఆ చుట్టుపక్కల మూడు ఊళ్లకి ఆమె అయ్యగారి భార్య. నలుగురి ముందు ఆమెను ఎవరూ ఇలా అడిగింది లేదు.

సెప్టెంబరులో షుగర్ బయటపడినప్పుడు ఆరో ఏడో ఉండాల్సింది పన్నెండు ఉందని డాక్టరు గుర్తు చేసింది. మూడు నెలలు మాత్రలు మింగి, పథ్యం చేసి, పదిహేడుకి ఎక్కించుకొచ్చారంది. పథ్యం చేసేవాళ్లకి దిగుతుంది, పథ్యం చేస్తున్నామని చెప్పేవాళ్లకి ఎక్కుతుందంది. స్తమేనా భర్త ఫాదర్ తిహోమిర్ మంచం అంచున కూర్చుని నల్ల అంగీని మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకున్నాడు.

డాక్టరు అతని కుడికాలి కట్టు విప్పింది. రెండో వేలి కొన మీద పప్పుబద్దంత నలుపు. బూటులో మేకు లేచి, ఒక రోజంతా గుచ్చుకుంటూ ఉంటే అతనికి తెలియలేదు. సాయంత్రం మేజోడు విప్పినప్పుడు రక్తం చూసింది స్తమేనా.

“శుక్రవారం రండి,” అంది డాక్టరు. “అప్పటికి పది లోపుకి దిగితే కట్టు కట్టి ఇంకో రెండు వారాలు చూస్తాను. దిగకపోతే సోమవారం సర్జన్ దగ్గరికి పంపిస్తాను. వేలు తీసేస్తాడు. ఇప్పుడు వేలు. ఇలాగే ఉంటే తర్వాత పాదం అంటాడు.”

తర్వాత స్తమేనా వైపు తిరిగి, రోజూ పొద్దునా సాయంత్రం వేలు గుచ్చి చూసి రాయమంది. తిన్నదంతా రాయమంది. దాచొద్దంది.

బస్సులో తిహోమిర్ కిటికీ పక్కన కూర్చున్నాడు. రెండు స్టాపులు దాటాక స్తమేనా అడిగింది.

“ఏమయ్యా, ఎక్కడ తింటున్నావు?”

“ఇంట్లో.”

“ఇంకా?”

“ఇంకెక్కడా లేదు.”

ఆమె అతని గడ్డం వైపు చూసింది. గడ్డం వెంట్రుకల్లో తిండి పొడి ఏమీ లేదు.

సాయంత్రం ఆమె డాక్టరిచ్చిన కాగితాన్ని వంటింటి బల్ల మీద పరిచి మొదటి నుంచి పైకి చదివింది. సెప్టెంబరు నుంచి అది ఫ్రిజ్ తలుపుకే ఉంది. అయినా ఏదో ఒక చోట తను తప్పు చేసి ఉంటుందని మళ్లీ చదివింది. తెల్ల బ్రెడ్డు లేదు. నూడుల్స్ లేవు. బంగాళాదుంప వారానికోసారి, ఒక్కటి. తేనె లేదు, జాము లేదు, ఎండు ద్రాక్ష లేదు. చేప సరే. చిక్కుడు గింజలు సరే. క్యాబేజీ ఎంతైనా. పొట్టు తీయని గోధుమ సరే. ఆమె ఒక్కొక్క దాని పక్కన పెన్సిలుతో గీత పెట్టుకుంటూ పోయింది. ఎక్కడా తప్పు కనిపించలేదు. జాము సీసాలు పద్దెనిమిదీ అక్టోబరులోనే చెల్లెలికి పంపేసింది. చక్కెర డబ్బా అటక మీద ఉంది. క్రిస్మస్ ముందు నలభై రోజుల ఉపవాసం నడుస్తోంది కాబట్టి ఇంట్లోకి మాంసం, పాలు, గుడ్లు రావడం లేదు. నల్ల బ్రెడ్డుని త్రాసులో పెట్టి నలభై గ్రాములు కోస్తోంది.

తప్పు వంటింట్లో లేదు. అంటే మనిషిలో ఉంది.

మంగళవారం పొద్దున పదమూడు. ఆమె పుస్తకంలో రాసింది. ఆ రోజు సెయింట్ వర్వారా పండగ. ఆ సెయింటును ఇంటి దేవతగా కొలిచే ఇళ్లు ఊళ్లో నాలుగున్నాయి. పండగ రొట్టె కోయడానికి తిహోమిర్ ఆ నాలుగిళ్లకీ వెళ్లాలి. ఎనిమిదింటికి మిలిసావ్ జీపు గేటు ముందు ఆపి హారను కొట్టాడు. మిలిసావ్ చర్చిలో గంట కొడతాడు, కొవ్వొత్తులు అమ్ముతాడు, అయ్యగారు కాలు బెణికిందని ఊరికి చెప్పుకున్నప్పటి నుంచి ఆయన్ని జీపులో తిప్పుతాడు. తన షుగర్ సంగతి తిహోమిర్ మిలిసావ్‌కి తప్ప ఊళ్లో ఎవరికీ చెప్పనివ్వలేదు. చర్చిలో నిలబడలేని ఫాదరని అనుకుంటారన్నాడు.

స్తమేనా అతని చేతికి చిన్న డబ్బా ఇచ్చింది. అందులో ఆపిల్ సగం, అక్రోట్లు ఆరు. ఆకలేస్తే ఇవి తిను, వాళ్ల బల్ల ముందు కూర్చోకు, కాఫీ తాగితే చక్కెర లేకుండా తాగు అంది. అతను సరేనన్నాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చాడు. డబ్బా తెరిచి చూసింది. ఆపిల్ లేదు, అక్రోట్లు రెండు మిగిలాయి. పిండి వేయించి కలపకుండా వండిన చిక్కుడు గింజల సూపు పెట్టింది. తిన్నాడు. సాయంత్రం అయిదింటికి, భోజనం చేసి నాలుగు గంటలయ్యాక, వేలు గుచ్చింది. పదహారు పాయింట్ ఎనిమిది.

ఆమె మిషనుని తిప్పి చూసింది. కొత్త సూది పెట్టి తన వేలు గుచ్చుకుంది. అయిదు పాయింట్ ఒకటి. మిషను బాగానే ఉంది.

“ఎవరింట్లో తిన్నావు?”

“చెప్పాను కదా. తినలేదు.”

“రోసాండా ఇంట్లో చెర్రీ పిండివంట చేస్తుంది. ప్రతి ఏడూ చేస్తుంది.”

“చేసింది. పెట్టింది. నేను ముట్టుకోలేదు.”

“నా మొహం చూసి చెప్పు.”

అతను ఆమె మొహం చూశాడు. “స్తమేనా, నేను నీకు ఎప్పుడైనా అబద్ధం చెప్పానా?”

ఆమె ఆలోచించింది. చెప్పిన సందర్భం ఒక్కటీ గుర్తు రాలేదు. దొరకలేదంతే, అనుకుంది.

అతను సాయంత్రం ప్రార్థనకి వెళ్లాక ఆమె వంకెకి వేలాడుతున్న, పొద్దున అతను వేసుకెళ్లిన నల్ల అంగీ తీసి కిటికీ దగ్గరికి తెచ్చింది. కుడి జేబులో చేతిరుమాలు, అగ్గిపెట్టె. ఎడమ జేబులో నాలుగిళ్లవాళ్లు ప్రార్థనలో చదవమని రాసిచ్చిన పేర్ల చీటీలు: బతికున్నవాళ్లవి ఒక వైపు, చనిపోయినవాళ్లవి ఇంకో వైపు. జేబు తిరగేసి దులిపింది. అక్రోటు పొడి రాలింది. పొడిని వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకుంది. తీపిగా ఉందో లేదో తేల్చుకోలేకపోయింది. తను ఇచ్చిన అక్రోట్లదే కావచ్చు. కాకపోవచ్చు.

రోసాండాకి ఫోను చేసింది. పండగ ఎలా జరిగింది, చుట్టాలు ఎవరెవరు వచ్చారు అని అడిగి, చివరికి అయ్యగారు ఏమన్నా తిన్నారా అంది. పొద్దున ఏమీ తినకుండా బయల్దేరారు, అందుకే అడుగుతున్నానంది.

“ఎక్కడమ్మగారూ,” అంది రోసాండా. “చేప ముట్టుకోలేదు, పిండివంట ముట్టుకోలేదు. కాఫీలో చక్కెర కూడా వద్దన్నారు. మా మరిది అడిగాడు, మన వంటంటే అయ్యగారికి పడదేమోనని. గోధుమ తీసుకున్నారు, అంతే, వెళ్లిపోయారు.”

స్తమేనా ఫోను పెట్టేసి, రోసాండా అతన్ని కాపాడుతోందని అనుకుంది. ఆడది ఫాదరు మీద చాడీ ఎందుకు చెబుతుంది? మిగిలిన మూడిళ్లకి ఫోను చేయలేదు. వాళ్లూ అదే చెబుతారు.

బుధవారం పండగ ఇళ్లు రెండే. పొద్దున పన్నెండు పాయింట్ ఆరు, సాయంత్రం పద్నాలుగు. మధ్యలో ఆమె మిలిసావ్‌ని పట్టుకుంది. అతను గేటు ముందు జీపు అద్దం మీద మంచు గీకుతున్నాడు. ఆమె బయటికి వచ్చి, తలుపు తీసి, ముందు సీటు కింద చెయ్యి పెట్టి చూసింది. డాష్‌బోర్డు అర తెరిచింది. స్క్రూడ్రైవర్, చర్చి కొవ్వొత్తులు, సగం తిన్న బిస్కెట్ల పొట్లం.

“ఇవెవరివి?”

“నావే, అమ్మగారూ.”

“నువ్వు ఉపవాసం ఉండవా? ఇందులో పాలుంటాయి.”

మిలిసావ్ గీకడం ఆపాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. పాలున్నాయని తెలియదన్నాడు. తర్వాత, అయ్యగారు ఈ మధ్య ఒక్క బిస్కెట్టు కూడా ఇమ్మని అడగలేదని, పాత రోజుల్లో అడిగేవారని తనంతట తనే చెప్పాడు. ఆమె పొట్లాన్ని ఎక్కడిదక్కడ పెట్టేసింది. పాల బిస్కెట్లు తినే గంటలవాడు అబద్ధం కూడా చెప్పగలడు.

“రేపు నేనూ వస్తాను,” అంది.

“ఎక్కడికి?”

“మీ వెంట. నికోలా పండగ ఇళ్లకి.”

మిలిసావ్ జీపు వెనక సీటు వైపు చూశాడు. అక్కడ గడ్డి మూట ఉంది. అయ్యగారి వెంట అమ్మగారు ఇళ్లు తిరగడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. అతను ఆ మాట అనలేదు. గడ్డి తీసేస్తానన్నాడు.

తిహోమిర్‌కి చెప్పినప్పుడు అతను చెంచా కింద పెట్టాడు. “నన్ను కాపలా కాయడానికా?”

“అవును.”

“జనం అడిగితే ఏం చెప్తాను?”

“నీ ఇష్టం. నిజమే చెప్పు.”

అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఆ నడకలో కుడి మడమ మీదే బరువు వేయడం ఆమె గమనించింది. వేలు తీసేశాక ఎలా నడుస్తాడో అనుకుంది. ఆ ఆలోచనని పక్కకి నెట్టి గిన్నెలు కడిగింది.

గురువారం సెయింట్ నికోలా. ఊళ్లో చాలా ఇళ్లకి ఆయనే ఇంటి దేవుడు. పందొమ్మిది ఇళ్లు. పొద్దున వేలు గుచ్చితే పదకొండు పాయింట్ తొమ్మిది. ఆమె మిషనుని చేతిసంచిలో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. సీటుకి ఇంకా గడ్డి అంటుకుని ఉంది.

మొదటి ఇంట్లో ఆమె తలుపు పక్కన నిలబడింది. అక్కడి నుంచి బల్లంతా కనబడుతుంది. పెద్ద కొవ్వొత్తి వెలుగుతోంది. తిహోమిర్ ప్రార్థన పాడాడు, రొట్టెని అడుగు నుంచి సిలువగా కోశాడు, కోసిన చోట వైను పోశాడు, ఇంటాయనతో కలిసి రొట్టెని మూడుసార్లు తిప్పి ముద్దు పెట్టుకున్నాడు. కాలు మీద బరువు మార్చుకోవడానికి ఒక్కసారి బల్ల పట్టుకున్నాడు. ఇల్లాలు పళ్లెం తెచ్చింది. పళ్లెంలో గోధుమ, చెంచాలున్న గ్లాసు, వాడిన చెంచాలు వేయడానికి నీళ్లున్న గ్లాసు. అతను సిలువ వేసుకుని ఒక చెంచా తీసుకున్నాడు. స్తమేనా సిలువ వేసుకుని ఒక చెంచా తీసుకుంది. మిలిసావ్ తీసుకున్నాడు. చెంచాలు నీళ్ల గ్లాసులో పడ్డాయి.

తర్వాత కాపలా మొదలుపెట్టింది. వేయించిన చేప వచ్చింది. అతను అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకుని వద్దన్నాడు. ప్లమ్ పళ్ల సారా వచ్చింది. వద్దన్నాడు. పిండివంటల పళ్లెం రెండుసార్లు తిరిగింది. కాఫీలో చక్కెర వేయబోతే కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంటాయన, అమ్మగారిని తీసుకొచ్చారు కాబట్టి బిగుసుకుపోయారా అని నవ్వాడు. పావుగంటలో బయటపడ్డారు.

రెండో ఇల్లు అలాగే. మూడో ఇల్లు అలాగే. నాలుగో ఇంట్లో తిహోమిర్ పెరటి వైపు వెళ్తే ఆమె వెనకే వెళ్లింది. అతను మరుగుదొడ్డి తలుపు వేసుకున్నాడు. ఆమె బయట చలిలో నిలబడింది. వచ్చి ఆమెను చూసి, పక్క నుంచి దాటి లోపలికి నడిచాడు. అయిదో ఇంట్లో ఆ ఇంటి ముసలామె చెంచాని తనే నింపి, “మా ఆయన పేరు మీద, నిండుగా,” అంటూ అతని చేతికిచ్చింది. అతను తీసుకున్నాడు. అదయ్యాక చేప వద్దన్నాడు, పిండివంట వద్దన్నాడు.

పదకొండు గంటలకి జీపులో స్తమేనా అతని వేలు గుచ్చింది. పదహారు పాయింట్ రెండు.

మిలిసావ్ అద్దంలోంచి చూస్తున్నాడు. తిహోమిర్ వేలు చప్పరిస్తూ, “చూశావుగా,” అన్నాడు. “నీ కళ్ల ముందే ఉన్నాను. ఏం తిన్నాను?”

మూడు రోజులుగా పట్టుకోవాలనుకున్న దొంగతనం పక్కనే కూర్చుని చూసినా కనబడలేదు. మిషను చలికి పాడై ఉంటుందనుకుంది. కొత్త సూది తీసి తన వేలు గుచ్చుకుంది.

ఎనిమిది పాయింట్ నాలుగు.

మొన్న అయిదు పాయింట్ ఒకటి. ఇంకో వేలు గుచ్చుకుంది. ఎనిమిది పాయింట్ మూడు.

“నీ చెయ్యి ఇలా ఇవ్వు,” అంది మిలిసావ్‌తో.

“నాకెందుకమ్మగారూ—”

“ఇవ్వు.”

మిలిసావ్‌కి ఎనిమిది పాయింట్ తొమ్మిది.

ఆమె మిషను మోకాలి మీద పెట్టుకుంది. పొద్దున ఆరింటికి నల్ల బ్రెడ్డు ముక్క తిన్నది. తర్వాత ఏమీ తినలేదు. కాఫీ తాగింది, చక్కెర లేకుండా. అతనికి తోడుగా తనూ అన్నీ వద్దంది. “నేనేం తిన్నాను?” అని పైకే అడిగింది.

“ఏముంది,” అన్నాడు మిలిసావ్. “గోధుమేగా.”

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మిలిసావ్‌కి తానేదో తప్పు మాట అన్నానేమో అనిపించి, అది తిండి కాదు కదా అని కలిపాడు.

తిండి కాదు. ఆ ఊళ్లో ఎవరూ అది తిన్నామనరు, తీసుకున్నామంటారు. గోధుమ ఉడికించి, కొన్ని గింజలు మిగిలేలా రుబ్బి, అంతే బరువు అక్రోట్లు, అంతే బరువు చక్కెర పొడి కలిపి, పైన ఇంకో పొర చక్కెర చల్లుతారు. పెళ్లయిన ఏడు నుంచి స్తమేనా తన చేత్తో చేస్తోంది. కిలోకి కిలో. అంత చక్కెర తూచి పోసినా అది చక్కెర అని ఆమెకి తోచలేదు. అది గోధుమ.

“కాగితంలో గోధుమ సరే అని ఉంది,” అన్నాడు తిహోమిర్. “నువ్వే చదివావు. నేను సంతోషపడ్డాను కూడా. డాక్టరమ్మకి మన సంగతి తెలుసు అనుకున్నాను.”

“పక్కన గీత పెట్టాను,” అంది స్తమేనా.

సెప్టెంబరు నుంచి అతను తిరిగిన పండగ ఇళ్లని ఆమె మనసులో లెక్కపెట్టింది. మిహోల్జ్ రోజు పదకొండు. మిట్రోవ్ రోజు తొమ్మిది. జార్జి రోజు ఇరవైకి తక్కువ ఉండవు. మధ్యలో నలభయ్యో రోజు కర్మలు, ఏడాది కర్మలు; వాటికీ గోధుమే. పథ్యం మొదలైన నెలే పండగలు మొదలయ్యాయి. పన్నెండు పదిహేడెందుకయిందో ఇప్పుడు తెలిసింది. రోసాండా ఫోనులో మొదటి రోజే చెప్పింది. తను విని, ఆమెది అబద్ధమనుకుంది.

“ఇంకా పద్నాలుగు ఇళ్లున్నాయి,” అంది.

“వద్దనలేను, స్తమేనా. చేప వద్దంటే వంట నచ్చలేదనుకుంటారు. గోధుమ వద్దంటే వాళ్ల చచ్చిపోయినవాళ్లని వద్దన్నట్టు.”

“నీ వంతు నేను తీసుకుంటాను.”

“ఆ మాట వాళ్లకేమని చెప్పను?”

మిలిసావ్ బండి స్టార్టు చేశాడు. చలికి ఇంజను రెండుసార్లు ఆగింది.

ఆరో ఇల్లు కోసారాది. ఆమె భర్త స్టానోయే రొట్టె తిప్పేటప్పుడు తిహోమిర్ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. కోసారా పళ్లెం తెచ్చింది. తిహోమిర్ సిలువ వేసుకున్నాడు, చెంచా ముంచాడు, ఎత్తాడు. చెంచా నోటి దాకా వెళ్లి ఆగింది. స్తమేనా అతని చెయ్యి చూస్తోంది. అతను చెంచాని తిరిగి వంచి, గోధుమని గిన్నెలోకి జారనిచ్చి, చెంచా అంచుకి అంటుకున్న ఒక్క గింజని నోట్లో వేసుకున్నాడు.

కోసారా పళ్లెం పట్టుకునే నిలబడింది. “మా గోధుమ కుదరలేదా అయ్యగారూ?”

“కుదిరింది.”

“మరి?”

“నాకు చక్కెర జబ్బు, కోసారా. కాలి వేలు పోయేలా ఉంది. రేపు డాక్టరు చూస్తుంది.”

బల్ల చుట్టూ ఉన్న చుట్టాలు చెంచాలు కింద పెట్టారు. స్టానోయే కుర్చీలో కదిలాడు. కోసారా పళ్లెం బల్ల మీద పెట్టి, భర్త వైపు తిరిగింది.

“చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“ఇప్పుడెందుకే,” అన్నాడు స్టానోయే.

“ఈయనకీ ఉంది అయ్యగారూ. తొమ్మిదేళ్లయింది. ఏడాదంతా నా మాట వింటాడు. ఇవాళ మాత్రం మూడు చెంచాలు. అయ్యగారి ముందు తీసుకోకపోతే బాగోదంటాడు. రెండు రోజులు పడుకునే ఉంటాడు.”

“నా ముందా?” అన్నాడు తిహోమిర్.

“మీ ముందే.”

మేనల్లుడెవరో నవ్వు ఆపుకోలేక దగ్గాడు. స్టానోయే తన చెంచాని చూసుకుని, నీళ్ల గ్లాసులో వేసేశాడు.

జీపు కంటే ఫోన్లు ముందు వెళ్లాయి. ఎనిమిదో ఇంట్లో ఇల్లాలు గుమ్మంలోనే, “ఒక్క గింజేనట కదా అయ్యగారూ, ఏరి పెట్టాను,” అంటూ సాసరు చూపించింది. తొమ్మిదో ఇంట్లో చక్కెర కలపని గోధుమ చిన్న గిన్నెలో వేరే ఉంది. అది తన అత్తగారి కోసం ప్రతి ఏడూ తీసి దాస్తానని, అయ్యగారికి తెలిస్తే తిడతారని ఇన్నాళ్లూ వంటింట్లోనే పెట్టానని ఆ ఇంటి కోడలు చెప్పింది. స్తమేనా ఆ గిన్నె వైపు చూసింది. ఊరంతా అతని దగ్గర దాచింది. అతను ఊరి దగ్గర దాచాడు. తను మాత్రం వాళ్లిద్దరూ కలిసి తన దగ్గర దాస్తున్నారనుకుంది.

పద్నాలుగో ఇల్లు వుకాషిన్‌ది. అతనికి ఎనభై రెండేళ్లు, ఒంటరి. గోధుమ తనే చేశాడు, బరకగా రుబ్బాడు. వార్త అతనికీ చేరింది. రొట్టె అయ్యాక పళ్లెం తనే పట్టుకొచ్చి, తిహోమిర్ ఒక్క గింజ కోసం చెంచా అంచు తాకించబోతుంటే పళ్లెం వెనక్కి లాగాడు.

“వాళ్లతో ఆడినట్టు నాతో ఆడకండి. ఈ ఇంట్లో మా నాన్న యుద్ధంలో కూడా కొవ్వొత్తి వెలిగించాడు. ఆయనకి ఒక్క గింజా? చెంచా నింపి తీసుకోండి. లేకపోతే మీ దారిన మీరు పోండి.”

స్తమేనా ఒక అడుగు ముందుకి వేసింది. తిహోమిర్ ఆమెను చూడకుండానే చెయ్యెత్తి ఆపాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వంగి, బూటు లేసు విప్పాడు. ఎడమ చేత్తో గడ్డం పక్కకి పట్టుకుని, మేజోడు తీసి, కట్టు విప్పాడు. కట్టు చివర అంటుకుంటే లాగాడు. అతని మొహంలో నొప్పి కనబడలేదు. పాదాన్ని ఎత్తి, కొవ్వొత్తి వెలుగు పడేలా, కింద పరిచిన గోనె మీద పెట్టాడు.

వుకాషిన్ పళ్లెం పట్టుకునే వంగి చూశాడు. అతని ఊపిరి వినబడుతోంది.

“తీసేస్తారా దీన్ని?” అన్నాడు చివరికి.

“రేపు తెలుస్తుంది.”

“నొప్పా?”

“లేదు.”

“లేకపోవడమే చెడ్డది,” అన్నాడు వుకాషిన్. “మా గుర్రానికి అంతే అయింది.” పళ్లెం బల్ల మీద పెట్టి, చెంచా నిండా గోధుమ తీసి, సిలువ వేసుకుని తనే తిన్నాడు. నమిలే పళ్లు లేక చాలాసేపు పట్టింది. “మీ వంతు. మా నాన్నకి నేను చెప్పుకుంటాను. కట్టుకోండి, చలి తగులుతుంది.”

స్తమేనా మోకాళ్ల మీద కూర్చుని కట్టు కట్టింది. ఆమె వేళ్లు అతని వేలిని రెండుసార్లు తాకాయి. అతను కిటికీ బయటికి చూస్తున్నాడు.

మిగతా అయిదిళ్లలో ఎవరూ బలవంతం చేయలేదు. ఒకచోట మాత్రం ఇంటాయన, అయ్యగారికి చక్కెర పోయింది, ఇక ప్రసంగాలు ఎలా ఉంటాయో అన్నాడు. సాయంత్రం పదకొండు పాయింట్ నాలుగు. స్తమేనా చేప, క్యాబేజీ పెట్టింది. అతను తిన్నాక పెరట్లో కర్ర పట్టుకుని అటూ ఇటూ నడిచాడు. అతన్ని కనిపెట్టడానికి ఆమె కిటికీ తెర పక్కకి లాగలేదు.

శుక్రవారం క్లినిక్‌లో నర్సు వేలు గుచ్చింది. తొమ్మిది పాయింట్ మూడు. డాక్టర్ వుకోసావా పుస్తకం తిరగేసింది. గురువారం పదకొండు గంటల అంకె మీద ఆమె పెన్ను ఆగింది. పక్కనే ఇంకో రెండు అంకెలున్నాయి.

“ఇవి ఎవరివి?”

“నావి. గంటలు కొట్టే మిలిసావ్‌వి.”

“ఏం తిన్నారు?”

“ఏమీ తినలేదు,” అంది స్తమేనా. “అయిదిళ్లలో గోధుమ తీసుకున్నాం.”

డాక్టరు పెన్ను మూత పెట్టింది. గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. నిన్న మా ఇంట్లో కూడా నికోలానే, నేనే చేశాను అంది. కిలోకి కిలో అంది. లేచి వెళ్లి, వరండాలో నిలబడ్డవాళ్లు వినకుండా, తలుపు తనే మూసి వచ్చింది. ఆ కాగితాన్ని తానే తయారు చేశానని, ఇవాళే మార్చి రాయిస్తానని చెప్పింది. మొదటి రోజు నలుగురి ముందు తను అన్న మాట గురించి ఏమీ అనలేదు. స్తమేనా ఎదురు చూడలేదు.

డాక్టరు వేలిని దూదితో తుడిచి చూసింది. నలుపు పెరగలేదు, అంచున ఎర్రదనం తగ్గింది. రెండు వారాలు ఆగుతానంది. సర్జన్‌కి ముందుగా రాసి ఉంచిన చీటీ చించేసింది. తిహోమిర్ ఊపిరి వదలడం స్తమేనాకి వినిపించింది.

“ఇంకొకటి చూడాలి,” అంది డాక్టరు. సొరుగులోంచి ప్లాస్టిక్ పుల్ల తీసింది. దాని చివర గడ్డం వెంట్రుకంత నైలాను దారం ఉంది. “దీంతో పాదం మీద ముట్టుకుంటాను. కళ్లు మూసుకోండి. తాకినట్టు తెలిసినప్పుడల్లా ఆఁ అనండి. ఎంత తెలుస్తోందో దాన్ని బట్టి ఎంత జాగ్రత్త కావాలో చెప్తాను. వేలు ఉంచుకోవాలంటే ఇదే ముఖ్యం.”

తిహోమిర్ వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. దారం మడమని తాకి వంగింది.

“ఆఁ.”

పాదం మధ్యలో తాకింది. “ఆఁ.”

బొటనవేలి మొదట్లో తాకింది. అతను ఏమీ అనలేదు. డాక్టరు ఇంకొంచెం అదిమింది. దారం వంగిపోయింది. కాసేపటికి, “ఆఁ,” అన్నాడు. ఆ కాసేపు ముందటి రెండిటి కంటే ఎక్కువని స్తమేనా చూసింది.

డాక్టరు దారం వెనక్కి తీసి గాలిలోనే ఆపింది. దారానికీ పాదానికీ మధ్య జానెడు దూరం ఉంది.

“ఆఁ,” అన్నాడు తిహోమిర్.

అతని రెండు చేతులూ మంచం అంచుని పట్టుకుని ఉన్నాయి. డాక్టరు స్తమేనా వైపు చూసింది. మూడు రోజులు జేబులు తిరగేసినా దొరకని అబద్ధం ఇప్పుడు ఆమె ముందు ఉంది. ఆమెకి అక్కర్లేదు.

“ఆఁ,” అన్నాడు మళ్లీ, ఇంకొంచెం గట్టిగా.

స్తమేనా మంచం దగ్గరికి వెళ్లి అతని చెయ్యి మీద చెయ్యి వేసింది.

“ఇంకా తాకలేదు, తిహో,” అంది.

అతను కళ్లు తెరవలేదు.